కొత్త బ్లేడుకు వేరే చార్జీనా? సెలూన్ల ‘శుభ్రత ఖర్చు’ లెక్క ఇదీ

తెనాలి, బాపట్ల, రేపల్లె: కటింగ్‌కు ఒక రేటు. మీద కప్పే షీటు కొత్తది కావాలన్నా, తువ్వాలు మార్చాలన్నా ఇంకో ఇరవయ్యో ముప్పయ్యో. ఏసీ సెలూన్లలో అది బిల్లులోనే ‘హైజీన్ చార్జీ’ అనో, ‘శానిటేషన్’ అనో వస్తుంది. బిల్లే లేని చిన్న షాపుల్లో నోటిమాటతో అయిపోతుంది, లేదంటే గోడ మీద రేటు మారిపోతుంది. ఇంట్లో తండ్రి, ముగ్గురు మగపిల్లలు ఉన్నారనుకుందాం. తలకు ఇరవై చొప్పున వేసినా ఒక్కసారికి ఎనభై రూపాయలు అదనం. నెలకోసారి వెళ్లినా ఏడాదికి 960 రూపాయలు. కూలి డబ్బులతో నడిచే ఇంటికి ఇది చిన్న మొత్తమేమీ కాదు.

అలాగని షాపువాళ్లు ఊరికే గుంజుతున్నారనడమూ సరికాదు. శుభ్రతకు ఖర్చవుతుంది. ఎంతవుతుంది, అందులో ఏది అవసరం, ఏది పైపై హంగు, ఏది అసలు అదనంగా అడగకూడనిది అన్నది తెలిస్తే కుర్చీలో కూర్చునే ముందే మాట్లాడుకోవచ్చు.

మొదలైంది 2020లో

శుభ్రత పేరుతో విడిగా డబ్బులు తీసుకోవడం మన ఊళ్లకు కోవిడ్‌తోనే వచ్చింది. 2020 మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ మొదలైంది, సెలూన్లు మూతపడ్డాయి. ఏప్రిల్ 24న కేంద్రం కొన్ని దుకాణాలకు సడలింపు ఇచ్చింది కానీ, సెలూన్లు సరుకులు అమ్మేవి కావు, సేవలందించేవి కాబట్టి వాటికి ఇది వర్తించదని మర్నాడే వివరణ ఇచ్చింది. మే 4 నుంచి ఆరెంజ్, గ్రీన్ జోన్లలో తెరవనిచ్చారు. రెడ్ జోన్లలో కుదరదన్నారు. అప్పట్లో తెనాలి, బాపట్ల, రేపల్లె మూడూ గుంటూరు జిల్లాలోనే ఉండేవి. గుంటూరు జిల్లా రెడ్ జోన్. మే 18 తర్వాత కంటైన్‌మెంట్ జోన్లు తప్ప మిగతాచోట్ల నిర్ణయం రాష్ట్రాలకు వదిలేశారు. ఆ ఏడాది రంజాన్ ఏప్రిల్ 25న మొదలై, మే 25న ఈద్ వచ్చింది. చాలా ఇళ్లలో అన్న తమ్ముడికి, తండ్రి కొడుక్కి కత్తెర పట్టిన పండగ అది.

షాపులు మళ్లీ తెరిచేసరికి మాస్కులు, గ్లౌజులు, శానిటైజర్, వాడి పారేసే షీట్లు తప్పనిసరి అయ్యాయి. మధ్యప్రదేశ్‌లోని ఖర్గోన్ జిల్లాలో ఒకే తువ్వాలు వాడటం వల్ల ఆరుగురికి వైరస్ అంటిందని అధికారులు చెప్పినట్టు అంతకుముందే ఏప్రిల్‌లో వార్తలొచ్చాయి. జనం భయపడ్డారు. తమిళనాడులోనైతే సెలూన్‌కు వచ్చినవాళ్ల ఆధార్ వివరాలు రాసుకోమన్నారు. శానిటైజర్ 200 మి.లీ. సీసా వంద రూపాయలు దాటకూడదని కేంద్రం 2020 మార్చి 21న గరిష్ఠ ధర పెట్టాల్సి వచ్చిందంటేనే మార్కెట్ ఎలా ఉందో అర్థమవుతుంది. ఆ రోజుల్లో ఇరవై ముప్పై అదనంగా అడిగితే ఎవరూ పేచీ పెట్టలేదు.

తర్వాత మాస్కు పోయింది, గ్లౌజులు పోయాయి. శానిటైజర్ సీసా కౌంటర్ మీద ఖాళీగా మిగిలింది. అదనం మాత్రం చాలాచోట్ల అసలు రేటులో కలిసిపోయి ఉండిపోయింది. అద్దె, కరెంటు, పనివాళ్ల కూలి పెరిగాయన్నది షాపువాళ్ల మాట. అది నిజమే. అలాంటప్పుడు అద్దె పెరిగింది కాబట్టి రేటు పెంచామని చెప్పాలి, శుభ్రత పేరు ఎందుకు?

లెక్క వేస్తే

కింది అంకెలు ఉజ్జాయింపు. ఎవరి షాపు కొటేషనూ కాదు, లెక్క ఎలా వేసుకోవాలో చెప్పడానికే.

షేవింగ్‌కు మన దగ్గర ఎక్కువగా వాడేది సగం బ్లేడు. రెండంచుల బ్లేడును కాగితంలోనే ఉంచి మధ్యకు విరిచి, ఒక సగం రేజర్‌లో పెడతారు. బ్లేడు మూడు రూపాయలనుకుంటే ఒక్కరికి రూపాయిన్నర. మెడ చుట్టూ కట్టే పేపర్ స్ట్రిప్ రూపాయి. శానిటైజర్ రెండు మి.లీ. కొడితే, 2020 నాటి గరిష్ఠ ధరతో లెక్కేసినా మరో రూపాయి. తువ్వాలు ఉతికించి ఆరేయడానికి ఐదు. మొత్తం ఎనిమిదిన్నర. వాడి పారేసే షీటు ఎనిమిది రూపాయలు కలిపితే పదహారున్నర. అంటే షీటుతో సహా ఇరవై అడిగితే లెక్క దాదాపు సరిపోయింది. షీటు వేయకుండా ఇరవై అడిగితే సగానికి పైగా మిగులు. యాభై అడిగితే వస్తువుల లెక్కలో అది ఎక్కడా తేలదు.

అయితే సామాన్ల కంటే పెద్ద ఖర్చు ఒకటుంది. టైము. ఒక కటింగ్‌కు ఇరవై నిమిషాలు, పన్నెండు గంటల పని అనుకుంటే ఒక కుర్చీకి 36 మంది. ప్రతి మనిషి తర్వాత ఐదు నిమిషాలు కత్తెర, దువ్వెన, మిషన్ శుభ్రం చేసి కుర్చీ తుడిస్తే 28 మందే అవుతారు. కటింగ్ వంద రూపాయలైతే 3,600 రావాల్సిన చోట 2,800 వస్తాయి. ఎనిమిది వందల నష్టం 28 మంది మీద పడితే తలకు 28 రూపాయల పైమాటే. షాపువాళ్లు యాభై అడగడానికి అసలు కారణం ఇదే కావచ్చు, దాన్ని ఇలా విడమరచి చెప్పేవాళ్లు తక్కువ.

ఈ నష్టం కూడా రోజూ ఉండేది కాదు. బెంచీ మీద జనం వరసలో కూర్చుని ఉంటేనే ఐదు నిమిషాలకు విలువ. ఆదివారం పొద్దున ఆ నష్టం నిజం. మంగళవారం ఎలాగూ చాలా షాపులకు సెలవు. బుధవారం మధ్యాహ్నం కుర్చీ ఖాళీగా ఉండి, కుర్రాళ్లు ఫోన్ చూసుకుంటున్న వేళ శుభ్రం చేయడానికి పట్టే టైము వల్ల షాపుకు ఒక్క రూపాయి కూడా పోదు. బేరం ఆడేవాళ్లు ఆ టైముకే వెళ్లాలి. పనివాడి చేతికీ తొందర ఉండదు.

అసలు గండం ఎక్కడ

కోవిడ్ రోజుల్లో అందరి చూపూ ప్లాస్టిక్ షీట్ల మీదకు పోయింది. అమెరికాలోని మిస్సోరి రాష్ట్రం స్ప్రింగ్‌ఫీల్డ్‌లో 2020 మే నెలలో కోవిడ్ సోకిన ఇద్దరు హెయిర్ స్టయిలిస్టులు 139 మందికి పనిచేశారు. వాళ్లూ మాస్కు పెట్టుకున్నారు, వచ్చినవాళ్లూ పెట్టుకున్నారు. ఆ 139 మందిలో ఎవరికీ లక్షణాలు రాలేదు. పరీక్ష చేయించుకున్న 67 మందికీ నెగెటివ్ వచ్చింది. అక్కడి సీడీసీ ఈ వివరాలు ప్రచురించింది. పనికొచ్చిన జాగ్రత్త అన్నిటికంటే చవకైనదే.

ఇప్పుడు కోవిడ్ భయం పోయింది కానీ దానికి ముందునుంచీ ఉన్న గండం అలాగే ఉంది. రక్తంతో అంటుకునే హెపటైటిస్-బి వైరస్ ఒంటి బయట కూడా కనీసం ఏడు రోజులు బతికి ఉండగలదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఒకరి గడ్డం మీద గాటు పడిన బ్లేడు ఇంకొకరి గడ్డం మీద గాటు పెడితే చాలు. రక్తం కంటికి కనిపించేంత ఉండక్కర్లేదు. హెపటైటిస్-సి కూడా రక్తంతోనే అంటుతుంది, దానికి టీకా లేదు. సెలూన్ అనగానే జనం హెచ్‌ఐవీ గురించి భయపడతారు. బ్లేడు విషయంలో హెపటైటిస్-బి దానికంటే చాలా తేలిగ్గా అంటుకుంటుంది. పసిపిల్లల సార్వత్రిక టీకాల్లో హెపటైటిస్-బి దేశమంతటికీ వచ్చింది 2011లో. అంటే ఇవాళ సెలూన్‌లో గడ్డం గీయించుకుంటున్న మగవాళ్లలో చాలామందికి చిన్నప్పుడు ఆ టీకా పడలేదు. పెద్దవాళ్లు కూడా వేయించుకోవచ్చు, మూడు డోసులు.

కాబట్టి అదనపు చార్జీలో దేనికి డబ్బు ఇవ్వొచ్చు, దేనికి ఇవ్వకూడదు అన్నది ఇక్కడ తేలిపోతుంది. కొత్త షీటు హంగు. ఉతికిన గుడ్డ వేస్తే చాలు, షీటు కావాలనుకున్నవాళ్లు డబ్బులిచ్చి వేయించుకోవచ్చు. కొత్త బ్లేడు మాత్రం హంగు కాదు, షేవింగ్ అనే పనిలో అదొక భాగం. కొత్త బ్లేడుకు ఇంత, పాతదైతే ఇంత అని రెండు రేట్లు పెట్టడమంటే డబ్బున్నవాడికి శుభ్రమైన బ్లేడు, లేనివాడికి ముందువాడి గాటు అని చెప్పడమే. రూపాయిన్నర సరుకును అడిగితేనే ఇస్తామనే షాపులో షీట్లు ఎంత తెల్లగా ఉన్నా కూర్చోనక్కర్లేదు. రేటు పది రూపాయలు పెంచి అందరికీ కొత్త బ్లేడు వేసే షాపే మేలు.

షాపుల్లో చూడాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. పటిక ముక్క వాటిలో మొదటిది. షేవింగ్ అయ్యాక తడి గడ్డం మీద రుద్దే ఆ ముక్క ఒక్కటే పొద్దుటి నుంచి రాత్రి దాకా అందరికీ తిరుగుతుంది. గాట్ల మీదే రుద్దుతారు కూడా. పటిక నీళ్లు విడిగా చల్లమని అడగొచ్చు, వద్దనొచ్చు. రెండోది మిషన్. గడ్డం ఖత్ తీయించుకునేవాళ్లకు, పిల్లలకు మెడ వెనక జీరో మిషన్ వేయించేవాళ్లకు దాని పళ్ల మధ్య ఇరుక్కున్న వెంట్రుకలతో తామర అంటే ప్రమాదం ఉంది. మందులకు ఒక పట్టాన లొంగని తామర కొన్నేళ్లుగా మన దేశంలో చర్మ డాక్టర్లకు పెద్ద తలనొప్పిగా మారింది. మిషన్‌ను బ్రష్‌తో దులిపి, స్పిరిట్‌తో తుడవాలి. కత్తెర, దువ్వెనలను ముందు సబ్బునీళ్లతో కడగాలి. తర్వాత లోహపు సామాన్లను 70 శాతం ఆల్కహాల్‌తో తుడవాలి. యాంటీసెప్టిక్ నాలుగు చుక్కలు వేసిన మగ్గులో ముంచి తీస్తే శుభ్రమైనట్టు కాదు. ఆ మగ్గులో నీళ్లు పొద్దుటివే అయితే అసలు చెప్పక్కర్లేదు. నీలం లైటు వెలిగే యూవీ పెట్టె చూసి మురిసిపోకూడదు. వెంట్రుకలు, సబ్బు నురగ అంటుకున్న సామాను మీద ఆ వెలుగు సరిగా పడదు, పడిన వైపే పనిచేస్తుంది.

రేటు వాళ్లిష్టం, ముందే చెప్పాలి

సెలూన్ రేట్లకు ప్రభుత్వం పెట్టిన పరిమితి లేదు. ఎంత తీసుకోవాలన్నది షాపు యజమాని ఇష్టం. గోడ మీద ‘సంఘం రేట్లు’ అని బోర్డు ఉంటే దాన్ని ప్రభుత్వ రేటు అనుకోవద్దు. పోటీదారులు కూడబలుక్కుని ఒకే ధర పెట్టడాన్ని కాంపిటీషన్ చట్టం, 2002లోని మూడో సెక్షన్ ఒప్పుకోదు.

కానీ తీసుకునే ధర ఎంతో ముందే తెలుసుకునే హక్కు మాత్రం వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ఇచ్చింది. సేవ నాణ్యత, ప్రమాణం, ధర గురించి తెలుసుకోవడం అందులో స్పష్టంగా రాసి ఉన్న హక్కు. పని అయిపోయాక శుభ్రత చార్జీ అని కలిపితే కాదనొచ్చు. హోటళ్లలో సర్వీస్ చార్జీ గొడవ చాలామందికి గుర్తుండే ఉంటుంది. బిల్లులో దానంతట అదే కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ 2022 జులై 4న మార్గదర్శకాలు ఇచ్చింది. ఢిల్లీ హైకోర్టు 2025 మార్చి 28న వాటిని సమర్థించింది. అవి హోటళ్లు, రెస్టారెంట్లకే రాసినవి కాబట్టి సెలూన్లకు నేరుగా వర్తించవు. చెప్పకుండా కలపకూడదన్న సూత్రం మాత్రం ఎవరికైనా ఒకటే. ఐర్లాండ్‌లో హెయిర్ సెలూన్లు రేట్ల పట్టిక కనిపించేలా పెట్టాలని 1976 నుంచీ ఉత్తర్వు ఉంది. మన దగ్గర ఆ పని గోడ మీద ఒక చార్టు చేయగలదు.

ఇక జీఎస్టీ. సెలూన్ సేవల మీద 18 శాతం ఉండేది. 2025 సెప్టెంబర్ 22 నుంచి 5 శాతం అయింది. దీంట్లో ఒక మెలిక ఉంది. ఈ 5 శాతం కింద షాపుకు ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ రాదు. అంటే షీట్లు, షాంపూ, శానిటైజర్ కొన్నప్పుడు కట్టిన పన్ను వాళ్లకు తిరిగి రాదు, ఖర్చులో కలుస్తుంది. అందుకే పన్ను పదమూడు శాతం తగ్గినా బిల్లు అంత తగ్గకపోవచ్చు, కొంత తగ్గాలి. పాత బిల్లు ఉంటే పక్కన పెట్టి చూసుకోండి. హైజీన్ చార్జీని విడిగా చూపించినా అది కటింగ్‌కు తోడుగా వచ్చేదే కాబట్టి దాని మీదా పన్ను పడుతుంది. ఏడాదికి 20 లక్షల టర్నోవర్ దాటని సేవల షాపులకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. రిజిస్ట్రేషన్ లేనివాళ్లు జీఎస్టీ పేరుతో ఒక్క రూపాయి కూడా తీసుకోకూడదు. కాంపోజిషన్ పథకంలో ఉన్నవాళ్లు కూడా కస్టమర్ దగ్గర వసూలు చేయకూడదు. బిల్లు మీద 15 అంకెలు, అక్షరాల జీఎస్టీ నంబరు లేకుండా పన్ను వేశారంటే ఇవ్వనక్కర్లేదు.

ముప్పై రూపాయల కోసం కేసు ఎవరు వేస్తారు? ఎవరూ వేయరు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయడానికి మాత్రం డబ్బులు కావు. శుభ్రత గురించి ఫిర్యాదైతే మున్సిపాలిటీలో శానిటరీ ఇన్‌స్పెక్టర్, వార్డు సచివాలయంలో శానిటేషన్ సెక్రటరీ ఉంటారు. పైకి వెళ్లాలంటే ఒక సంగతి గుర్తుంచుకోవాలి. 2022 ఏప్రిల్ 4 నుంచి బాపట్ల, రేపల్లె రెండూ బాపట్ల జిల్లా కిందకు వచ్చాయి, తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉంది.

కుర్చీ దగ్గర నిలబడేవాళ్ల సంగతి

చార్జీ పెరిగితే పనివాడికి పెరిగిందనుకోవద్దు. చాలా షాపుల్లో పని చేసే కుర్రాళ్లది జీతం కాదు, పర్సెంటేజీ. కటింగ్ డబ్బుల్లో వాళ్లకు వాటా ఉంటుంది. శుభ్రత చార్జీ అని విడిగా వసూలు చేస్తే అది సామాన్ల కిందకు వెళ్లిపోయి యజమాని దగ్గరే ఉండొచ్చు. తుడిచేది, కడిగేది, ఆ ఐదు నిమిషాలు పోగొట్టుకునేది మాత్రం పనివాడే. రేటు విడగొట్టడంలో ఈ కోణం కూడా ఉంది.

ప్రభుత్వ సాయం కూడా ఎక్కువగా షాపు ఉన్నవాళ్లకే అందింది. 2020 జూన్ 10న అప్పటి రాష్ట్ర ప్రభుత్వం ‘జగనన్న చేదోడు’ కింద టైలర్లు, రజకులు, నాయీబ్రాహ్మణులకు ఏటా పది వేల చొప్పున ఇవ్వడం మొదలుపెట్టింది. తొలి ఏడాది లబ్ధిదారులు 2,47,040 మంది. వారిలో నాయీబ్రాహ్మణులు 38,767. షాపు ఉండాలన్నది షరతు. పది వేలను నెలలు, రోజులుగా విడగొడితే, నెలకు 26 పనిదినాల లెక్కన రోజుకు 32 రూపాయలు. పైన వేసిన లెక్క ప్రకారం రోజుకు ఇద్దరికి షీటు, బ్లేడు, తువ్వాలు ఖర్చు.

ఈ పనిలో ముస్లిం కుటుంబాలూ తరాలుగా ఉన్నాయి. రాష్ట్రంలో 2007 చట్టంతో వచ్చిన బీసీ-ఈ జాబితాలో హజ్జాం, నాయి, నాయి ముస్లిం, నావిద్ అన్న పేర్లు ఉన్నాయి. 2023 సెప్టెంబర్ 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో క్షౌరవృత్తి ఒకటి. దీనికి కులం, మతం షరతు లేదు, పని చేస్తూ ఉండాలి. ట్రైనింగ్‌లో రోజుకు 500 రూపాయలు, పనిముట్లకు 15 వేల వోచర్, 5 శాతం వడ్డీకి ముందు లక్ష, తర్వాత రెండు లక్షల లోను. కొత్త మిషన్, అదనంగా ఒక సెట్టు కత్తెర్లు ఉంటే ఒకటి కడుగుతుండగా ఇంకోదానితో పని నడుస్తుంది. ఆ ఐదు నిమిషాల నష్టం అప్పుడే తగ్గుతుంది.

చాంద్ రాత్, అఖీఖా, ఉమ్రా

శుభ్రత ముందుగా దెబ్బతినేది రద్దీ రోజున. చాంద్ రాత్ నాడు అర్ధరాత్రి దాటినా బెంచీలు ఖాళీ ఉండవు. ఖుర్బానీ ఇచ్చేవాళ్లు జిల్‌హిజ్జా మొదటి పది రోజులు వెంట్రుకలు తీయించుకోరు కాబట్టి బక్రీద్ నాడు మళ్లీ అదే రద్దీ. రేటు ఎక్కువ, చేతికి తొందర, కడిగే టైము సున్నా. పిల్లలకు పండగకు రెండు మూడు రోజుల ముందే కటింగ్ చేయించేస్తే డబ్బూ మిగులుతుంది, తామర భయమూ తగ్గుతుంది.

అఖీఖాకు ఇంటికి పిలిపించి బిడ్డకు గుండు చేయించే ఇళ్లలో బ్లేడు ప్యాకెట్ ఇంటివాళ్లే కొని ఉంచుకోవాలి. ఏడు రోజుల బిడ్డ తల చర్మం ఎంత పల్చగా ఉంటుందో అమ్మమ్మలు, నాయనమ్మలకు వేరే చెప్పక్కర్లేదు. పుట్టిన 24 గంటల్లో వేసే హెపటైటిస్-బి టీకా పడిందో లేదో కార్డులో చూసుకోవాలి. ఒకప్పుడు సుంతీ కూడా హజ్జాంల చేతి మీదుగానే జరిగేది. ఇప్పుడు ఎక్కువమంది ఆసుపత్రికే వెళ్తున్నారు, అదే మంచిది. ఉమ్రా, హజ్‌కు వెళ్లేవాళ్లు తల గీయించుకోవడానికి లైసెన్స్ ఉన్న సెలూన్‌కే వెళ్లాలని, ఒకరి రేజర్ ఇంకొకరు వాడొద్దని సౌదీ ఆరోగ్య శాఖ చెబుతుంది. సొంత రేజర్ తీసుకెళ్తే చెక్-ఇన్ లగేజీలో పెట్టుకోవాలి, చేతి బ్యాగులో విమానం ఎక్కనివ్వరు.

ఊళ్లో సెలూన్‌కైనా సొంత తువ్వాలు, ఒక బ్లేడు జేబులో పెట్టుకుని వెళ్లడానికి మొహమాటపడక్కర్లేదు. వాటికి చార్జీ వేయరు. బ్లేడు షాపువాళ్లదే అయితే కాగితం మీ కళ్ల ముందే విప్పమనండి, కూర్చున్నాక కాదు, నురగ రాయకముందే. పని అయ్యాక ఆ సగం బ్లేడు ఎక్కడ పడేస్తున్నారో కూడా చూడండి. వెంట్రుకలతో పాటు చెత్తబుట్టలోకి పోతే మర్నాడు పొద్దున దాన్ని చేత్తో ఎత్తేది మున్సిపాలిటీ కార్మికులు. మూతకు సన్నటి చీలిక పెట్టిన ఒక ఖాళీ పౌడర్ డబ్బా చాలు, అది నిండడానికి నెలలు పడుతుంది. దానికి ఖర్చేమీ లేదు.